వేణ్ణీళ్ళ అలమరా

మనం గీజరు అంటాం. ఏలూరులో అయినా వరంగల్లులో అయినా బాత్‌రూం గోడకు వేలాడుతూ నీళ్ళు కాచే డబ్బా పేరు అదే. ఇక్కడ ఇంగ్లండులో మాత్రం ఇప్పుడు ఆ మాట దాదాపు ఎవరి నోటా వినబడదు. ఇంగ్లీషువాళ్ళు మనకిచ్చి, తాము మర్చిపోయిన మాటల్లో అదొకటి. ఐస్‌లాండులో గీసిర్ అని ఒక వేడినీటి ఊట ఉంది, నేలలోంచి పొగలు కక్కుతూ పైకి ఎగజిమ్మేది. 1868లో లండన్‌లో బెంజమిన్ మాన్ అనే ఆయన, రంగులూ అలంకరణలూ పనిచేసుకునే మనిషి, గ్యాసు మంట మీద అప్పటికప్పుడు నీళ్ళు కాచే యంత్రానికి పేటెంటు తీసుకుని దానికి ఆ ఊట పేరు పెట్టాడు. పేరు బాగానే కుదిరింది. కానీ దానికి పొగ బయటికి పోయే గొట్టం లేదు, వేడి మితిమీరితే ఆపే మీట లేదు. తలుపు వేసుకుని స్నానం చేసే గదిలో అలాంటిది ఉండడం ఎంత ప్రమాదమో మనకు వేరే చెప్పక్కర్లేదు. మన దగ్గర ఇప్పటికీ గాలి ఆడని బాత్‌రూముల్లో గ్యాసు గీజర్లు పెట్టి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళ వార్తలు చలికాలం వస్తే చదువుతూనే ఉంటాం.

ఈ వేణ్ణీళ్ళ చరిత్ర మీద నాకు ఇంత ఆసక్తి ఎందుకు పుట్టిందంటే, మా ఇంట్లో బాయిలరు మార్చాల్సొచ్చింది. మాది లెస్టరులో 1890ల నాటి టెరేస్ ఇల్లు. వరసగా గోడకు గోడ ఆనుకుని కట్టిన ఇళ్ళు. కింద రెండు గదులు, పైన రెండు గదులు, వెనక చిన్న వంటిల్లు, దాని వెనక స్నానాలగది. మేం ముగ్గురం, ఏటా ఐదారు నెలలు వచ్చి ఉండే మా అత్తయ్యగారితో కలిపి నలుగురం. అత్తయ్యగారు, పదిహేనేళ్ళ మా అమ్మాయి ఒకే గదిలో పడుకుంటారు. ఆ గదిలోనే, పొగగొట్టం పక్క సందులో, తలుపులున్న అలమరా ఒకటి ఉంది. అందులో సుమారు 120 లీటర్ల రాగి నీళ్ళట్యాంకు.

బాయిలరు చూడ్డానికి వచ్చినతను టేపు తీసి కొలిచి, "కాంబి పెట్టించుకుంటే ఈ ట్యాంకు ఎగిరిపోతుంది, మీకు చోటు కలిసొస్తుంది" అన్నాడు. కాంబి అంటే కాంబినేషన్ బాయిలరు. గదులు వెచ్చబెట్టే పనీ, కుళాయిలోకి వేణ్ణీళ్ళిచ్చే పనీ ఒకే డబ్బా చేస్తుంది. వంటింట్లో గోడ అలమరాలో పట్టేస్తుంది. మా వారు వెంటనే తలూపారు. నాకు మాత్రం ఆ "చోటు" అనే మాట దగ్గర ఆలోచన ఆగింది. ఇంట్లో నీళ్ళు కాగే చోటు ఎప్పుడూ ఎవరి చేతికింద ఉండేది? అది మారినప్పుడల్లా ఎవరికి కలిసొచ్చింది, ఎవరికి తగ్గింది? లైబ్రరీలో ఇక్కడి ఇళ్ళ చరిత్ర పుస్తకాలు నాలుగు తెచ్చుకుని కూర్చున్నాను.

మా ఇల్లు కట్టిన రోజుల్లో ఇలాంటి ఇంట్లో వేణ్ణీళ్ళంటే "కాపర్". వెనక వసారాలాంటి గదిలో ఇటుకలతో కట్టిన పొయ్యి, దాని మీద దించడానికి వీల్లేకుండా బిగించిన పెద్ద గంగాళం. పేరు రాగిదే గానీ తర్వాత్తర్వాత ఇనుపవీ వచ్చాయి. మన పెరట్లో నీళ్ళ కాగు గుర్తొస్తోంది కదూ. తేడా ఏమిటంటే మన కాగు రోజూ ఎక్కేది, ఇక్కడి కాపర్ కింద రోజూ నిప్పు రాజేసేంత బొగ్గు పేద ఇళ్ళలో ఉండేది కాదు. సోమవారం బట్టల రోజు. సోమవారమే ఎందుకంటే ఆదివారం కాల్చిన మాంసం మిగులుతుంది, మర్నాడు చల్లగానే తినేస్తే వంట పని ఉండదు, రోజంతా కాపర్‌కే అంకితం కావచ్చు. వారానికొక రాత్రి, సాధారణంగా శుక్రవారమో శనివారమో, స్నానాలు. పెరటి గోడకు మేకుకు తగిలించిన రేకు తొట్టి దించి పొయ్యి ముందు వేసి, ఒకరి తర్వాత ఒకరు అవే నీళ్ళలో. ఆఖరికి మిగిలేది ఇల్లాలు. అప్పటికి నీళ్ళ రంగేమిటో మీరే ఊహించుకోండి.

నేనొక లెక్క వేసుకున్నాను. తొట్టి సగం నిండాలన్నా 60 లీటర్లు కావాలి. అంటే 60 కిలోలు. పది లీటర్ల బకెట్టుతో ఆరుసార్లు తెచ్చి పొయ్యాలి. అయ్యాక మళ్ళీ ఆరుసార్లు ముంచి బయట పారబొయ్యాలి. మధ్యలో చల్లారితే వేణ్ణీళ్ళు కలపాలి. కడుపుతో ఉన్నా, బాలింత అయినా, ఆ బకెట్లు ఎత్తింది ఎవరో చెప్పక్కర్లేదు. 1913లో వచ్చిన "రౌండ్ అబౌట్ ఎ పౌండ్ ఎ వీక్" అనే పుస్తకంలో మాడ్ పెంబర్ రీవ్స్ ఇవన్నీ రాశారు. ఆవిడా, ఫేబియన్ మహిళా బృందంలోని స్నేహితురాళ్ళూ లండన్‌లోని లాంబెత్‌లో, వారానికి ఒక పౌను అటూఇటూగా సంపాదనతో గడిపే ఇళ్ళకు వెళ్ళి, ఖర్చులు రాయించి, రోజంతా ఎలా గడుస్తుందో కనుక్కున్నారు. పేదవాళ్ళు శుభ్రంగా ఉండరని తేలిగ్గా అనేసేవాళ్ళకు, శుభ్రతకు ఎంత బొగ్గు, ఎంత బరువు కావాలో లెక్కలతో చెప్పిన పుస్తకం అది.

అంతకన్నా చాలా ముందు, కాపర్ కూడా లేని ఇళ్ళ కాలంలో, లివర్‌పూల్‌లో కిట్టీ విల్కిన్‌సన్ అని ఒకావిడ ఉండేది. ఆవిడ గురించి చదివాక రెండు రోజులు నా మనసు వేరేదాని మీదికి పోలేదు. ఐర్లండులోని డెర్రీలో 1786లో పుట్టింది. చిన్నప్పుడు కుటుంబంతో ఓడలో లివర్‌పూల్ వస్తుంటే, రేవు ఇంకా అందకముందే ఓడ ప్రమాదంలో తండ్రీ చెల్లీ పోయారు. నూలు మిల్లులో పనిచేసింది. పెళ్ళాడిన నావికుడు సముద్రంలో పోయాడు. బట్టలుతికీ పాచిపనులు చేసీ పిల్లల్ని పెంచింది, తర్వాత టామ్ విల్కిన్‌సన్‌ని పెళ్ళాడింది. 1832లో కలరా వచ్చింది. అది నీళ్ళలోంచి వస్తుందని అప్పటికి డాక్టర్లకే తెలియదు. ఆ వీధి మొత్తంలో నీళ్ళు కాచే బాయిలరున్నది కిట్టీ ఇంట్లోనే. రోగుల పక్కబట్టలు తెచ్చుకుని మా ఇంట్లో మరగబెట్టుకోండి అని ఇరుగుపొరుగుకు తలుపు తీసింది. వారానికి ఒక పెన్నీ తీసుకునేది, నీళ్ళకీ బొగ్గుకీ. బట్టలు శుభ్రం చేయడానికి సున్నంలో క్లోరిన్ కలిపిన పొడి కూడా వాడింది.

ఆలోచించండి, కలరా ఇళ్ళలోని బట్టలు తన ఇంటికి తెచ్చుకోమనడం. తన పిల్లలూ అక్కడే తిరుగుతున్నారు. మనమైతే తలుపు తీసేవాళ్ళమా? నాకు తెలీదు.

కిట్టీ ఇంట్లోని ఆ ఒక్క బాయిలరు ఊరి పెద్దల కళ్ళు తెరిపించింది. 1842లో లివర్‌పూల్ ఫ్రెడరిక్ స్ట్రీట్‌లో నగరపాలక సంస్థ స్నానాలూ బట్టల ఉతుకూ ఒకేచోట ఉండే భవనం కట్టింది. దేశంలో ఆ రకంలో అదే మొదటిది. తర్వాత కిట్టీ దంపతులే ఇలాంటి స్నానశాలకు నిర్వాహకులుగా పనిచేశారు. 1846లో ఏ ఊరైనా ఇలాంటివి కట్టుకోవచ్చని పార్లమెంటు చట్టం చేసింది. ఆవిడ 1860లో పోయింది. లివర్‌పూల్‌లో సెయింట్ జార్జ్ హాల్ అని పెద్ద భవనం ఉంది, అందులో వరసగా మగవాళ్ళ పాలరాతి విగ్రహాలే. 2012లో అక్కడ మొట్టమొదటి ఆడమనిషి విగ్రహం పెట్టారు, అది కిట్టీది. నీళ్ళు కాచిచ్చినందుకు విగ్రహం పెట్టించుకున్నవాళ్ళు ప్రపంచంలో ఇంకెవరైనా ఉన్నారో లేదో.

బొగ్గుగనుల ఊళ్ళలో కథ ఇంకా బరువైనది. గనిలోంచి మగవాళ్ళు నల్లగా, తడిగా ఇంటికొచ్చేవాళ్ళు. ఒకే ఇంట్లో మొగుడు, ఇద్దరు కొడుకులు, అద్దెకుండే మనిషి వేర్వేరు షిఫ్టులైతే రోజుకు మూడు నాలుగుసార్లు తొట్టి నింపాలి. 1919లో గనుల మీద ప్రభుత్వం వేసిన సాంకీ కమిషన్ ముందు సాక్ష్యం చెప్పడానికి గని కార్మికుల భార్యలు ముగ్గురు లండన్ వెళ్ళారు. అందులో ఒకరు వేల్స్‌లోని రోండా లోయనుంచి వచ్చిన ఎలిజబెత్ ఆండ్రూస్. హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో ఆ పెద్దమనుషుల ఎదుట నిలబడి ఆవిడ చెప్పింది ఏమిటంటే, మా ఊళ్ళో ఇరవై ఏళ్ళకు పైగా అనుభవమున్న మంత్రసానిని అడిగాను, నెలలు నిండకుండా కాన్పులైపోవడానికీ ఆడవాళ్ళ జబ్బులకూ ముఖ్యకారణం ఈ తొట్లూ బాయిలర్లూ ఎత్తే బరువేనని చెప్పింది అని. చిన్నపిల్లలు మరిగే నీళ్ళలో పడి కాలిపోవడం గురించీ చెప్పింది. ఆవిడ అడిగింది ఒక్కటే, గని దగ్గరే స్నానాలగదులు కట్టండి, ఆ మురికిని మా ఇంటికి పంపకండి.

దీనికి అడ్డుపడ్డవాళ్ళలో కొందరు మగ కార్మికులూ ఉన్నారు. వీపు కడిగితే నడుం బలం పోతుందని వాళ్ళ నమ్మకం! వేల్స్‌లో మొదటి గని స్నానశాల 1916లో ట్రెహారిస్‌లో వచ్చింది. 1926 చట్టం తర్వాత, గనుల ఆదాయం మీద వేసిన రుసుంతో అన్నిచోట్లా కట్టడం మొదలైంది. స్నానశాల వచ్చిన ఊళ్ళో మర్నాడు సాయంత్రం పొయ్యి ముందు తొట్టి వేయనక్కర్లేని ఇల్లాలు ఏం చేసి ఉంటుందో అని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది. చరిత్ర పుస్తకాలు అది రాయలేదు. ఊరికే కూర్చుని ఉంటుందనుకుంటాను, కాసేపు.

ఇళ్ళలోకి గ్యాసు గీజరు పొగగొట్టంతో, భద్రతా ఏర్పాట్లతో మెల్లగా వచ్చింది. 1930ల్లో ఇంగ్లండు వంటిళ్ళలో "ఆస్కాట్" అనే హీటరు పేరు మోగిపోయింది. మా పక్కింటి పెద్దావిడకు ఎనభై దాటాయి, ఆవిడ ఇప్పటికీ ఏ కంపెనీ హీటర్నైనా "ఆస్కాట్" అనే అంటుంది, మనం వనస్పతిని డాల్డా అన్నట్టు. దాని మూలం జర్మనీలో హ్యూగో యుంకర్స్ కంపెనీ డిజైన్లు. ఆయన నీళ్ళు కాచే యంత్రాల మీద సంపాదించి విమానాలు కట్టాడు, నాజీలు వచ్చాక విమానాల కంపెనీని ఆయన చేతిలోంచి లాక్కున్నారు. యుద్ధంలో ఆయన పేరున్న విమానాలు ఇంగ్లండు మీద బాంబులు వేస్తుంటే, కింద వంటిళ్ళలో ఆయన డిజైన్లోంచి పుట్టిన హీటర్ల మీద గిన్నెలు కడుక్కునేవాళ్ళు. ఇది నా అసలు విషయానికి సంబంధం లేనిదే, కానీ చెప్పకుండా ఉండలేకపోయాను.

అయినా 1951 జనాభా లెక్కల నాటికి కూడా బ్రిటన్‌లో మూడో వంతుకు పైగా కుటుంబాలకు ఇంట్లో బిగించిన స్నానాల తొట్టి లేదు. 1959లో ప్రభుత్వం పాత ఇళ్ళు బాగుచేసుకోవడానికి ఇచ్చిన గ్రాంటు ఐదు వసతులకు: స్నానానికి తొట్టో షవరో, చేతులు కడుక్కునే బేసిను, లోపలే టాయిలెట్టు, ఆహారం దాచుకునే అర, వేణ్ణీళ్ళు. వంటింటి వెనక మా స్నానాలగది చూస్తే ఆ కాలంలోనే అతికించినట్టుంది. ఇక్కడ పాత ఇళ్ళలో స్నానం చేయాలంటే వంటిల్లు దాటి వెళ్ళాల్సి వస్తే ఆశ్చర్యపోకండి, కారణం ఇదే.

అప్పటి ఏర్పాటు ఇదీ. హాల్లో బొగ్గు పొయ్యి వెనక గోడలో చిన్న బాయిలరు, అటక మీద చన్నీళ్ళ ట్యాంకు, మధ్యలో పై గదిలో రాగి ట్యాంకు. అటక మీద ట్యాంకు ఎందుకు? పందొమ్మిదో శతాబ్దంలో లండన్‌లాంటి ఊళ్ళలో కుళాయి నీళ్ళు రోజులో కాసేపే వచ్చేవి, పట్టి దాచుకోవాలి. రోజు విడిచి రోజు నీళ్ళొచ్చే హైదరాబాదు కాలనీల్లో మిద్దె మీద ట్యాంకులు చూసినవాళ్ళకు ఇది వింతేం కాదు. నీళ్ళు ఇరవైనాలుగు గంటలూ రావడం మొదలయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు. ఇక్కడ బేసిన్లకు వేడికొకటి చలికొకటి విడివిడిగా రెండు కుళాయిలుండడానికీ ఇదే ముఖ్యకారణం. చన్నీళ్ళు నేరుగా వీధి గొట్టంనుంచి వస్తాయి, తాగొచ్చు. వేణ్ణీళ్ళు అటక మీద ట్యాంకులో నిలవున్నవి, అందులో ఏం పడిందో తెలియదు, రెండూ కలవకూడదు. కొత్తగా వచ్చినవాళ్ళమందరం ఒక చెయ్యి కాల్చుకుని ఒక చెయ్యి గడ్డకట్టించుకుని తిట్టుకున్నవాళ్ళమే. వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు తోడు అన్న మన సామెత ఈ బేసిన్ల దగ్గర చెల్లదు.

ఇక ఆ రాగి ట్యాంకున్న అలమరా. ఇక్కడ దాన్ని "ఎయిరింగ్ కబ్బర్డ్" అంటారు. ట్యాంకు చుట్టూ ఎప్పుడూ వెచ్చగా ఉంటుంది కనక పైన చెక్క పలకల మీద ఉతికిన దుప్పట్లు, పిల్లల బట్టలు పెడతారు. ఎండ మొహం చూడని దేశంలో తడి వాసన పోవడానికి అంతకన్నా మార్గం లేదు. ఇంగ్లీషు ఇల్లాళ్ళు బ్రెడ్డు పిండి పొంగడానికి అందులో పెట్టేవారట. మన ఆడవాళ్ళు వచ్చి, ఎవరూ చెప్పకుండానే, ఇడ్లీపిండి గిన్నె అందులోనే పెట్టారు. నేనూ అంతే. బెల్‌గ్రేవ్ రోడ్డులో తెచ్చిన మినప్పప్పు రుబ్బి రాత్రి అక్కడ పెడితే జనవరిలో కూడా తెల్లారేసరికి పొంగి మూత లేచేది. పెరుగు తోడుకునేదీ అక్కడే. లోహపు ట్యాంకు పక్కన బ్రెడ్డు పిండీ ఇడ్లీపిండీ ఒకే పని చేశాయన్నది ఏ ఇంజనీరూ లెక్కలోకి తీసుకోలేదు. ట్యాంకులోంచి వేడి కారిపోవడాన్ని వాళ్ళు నష్టం కింద రాస్తారు. ఆ నష్టం మీద మా ఇంట్లో పదేళ్ళు టిఫిన్లు నడిచాయి.

బొగ్గు పొయ్యి రోజులు పోవడానికి పెద్ద కారణం గ్యాసే. ఉత్తర సముద్రంలో సహజవాయువు దొరికాక, 1967 నుంచి 1977 దాకా పదేళ్ళలో దేశంలో కోటికి పైగా ఇళ్ళకు మనుషులు వెళ్ళి ప్రతి పొయ్యినీ ప్రతి హీటర్నీ కొత్త గ్యాసుకు మార్చారు. 1970 ప్రాంతంలో మూడో వంతు ఇళ్ళకే అన్ని గదులూ వెచ్చగా ఉండే సెంట్రల్ హీటింగు ఉండేది, ఆ తర్వాత పాతికముప్పై ఏళ్ళలో దాదాపు అందరికీ వచ్చింది. కాంబి పుట్టింది మాత్రం ఇక్కడ కాదు, యూరపులో, చిన్న ఫ్లాట్లున్న ఊళ్ళలో. జర్మనీలో వేలెంట్ కంపెనీ 1960ల్లో తెచ్చిన కాంబికి పెట్టిన పేరు చూసి నవ్వొచ్చింది, "కాంబి గీజరు". మన గీజరే! బ్రిటన్‌లో అది 1970ల్లో మెల్లగా వచ్చి, 80లు 90ల్లో చిన్న ఇళ్ళన్నిటిలో చేరింది. అటక మీద ట్యాంకు అక్కర్లేదు, గదిలో ట్యాంకు అక్కర్లేదు, వీధి గొట్టం ఒత్తిడితోనే పనిచేస్తుంది. ఒకరకంగా బెంజమిన్ మాన్ ఊహించినదే, నిలవ లేకుండా అప్పటికప్పుడు వేణ్ణీళ్ళు, వందేళ్ళ తర్వాత ప్రమాదం లేకుండా చేశారు. ఇప్పటి కాంబిలో మంట మూసిన పెట్టెలో ఉంటుంది, గాలి బయటినుంచి తీసుకుని బయటికే వదులుతుంది. గది గాలిని ముట్టుకోదు.

ఇంతా చదివాక మా ఇంటి లెక్కకు వచ్చాను. కాంబికి కిలోవాట్లు చూడాలి. 24 కిలోవాట్లది, నీళ్ళను 35 డిగ్రీలు వెచ్చబెడుతూ నిమిషానికి సుమారు 10 లీటర్లు ఇస్తుంది. ఇక్కడ చలికాలంలో వీధి నీళ్ళు 5 డిగ్రీల దగ్గరుంటాయి, 35 కలిపితే 40, స్నానానికి సరిగ్గా సరిపోతుంది. మన భాషలో చెప్పాలంటే 20 లీటర్ల బకెట్టు రెండు నిమిషాల్లో నిండుతుంది. 30 కిలోవాట్లదైతే నిమిషానికి 12 లీటర్లు. ఒక షవరున్న ఇంటికి 24 చాలు. రెండు స్నానాలగదులుండి ఇద్దరు ఒకేసారి తిప్పితే మాత్రం కాంబి చేతులెత్తేస్తుంది, వాళ్ళకు ట్యాంకే మేలు. ఒకరు స్నానం చేస్తుంటే వంటింట్లో కుళాయి తిప్పకూడదు. వెనకటి తొట్టి వరస పోయి, కొత్త వరస వచ్చిందన్నమాట. కానీ ఇందులో ఆఖరి మనిషికీ శుభ్రమైన నీళ్ళే, వేడినీళ్ళే. అది చిన్న తేడా కాదు.

ఇంకొక విచిత్రం. మాలాంటి చిన్న ఇంటిని వెచ్చగా ఉంచడానికి గట్టి చలిలో కూడా ఏడెనిమిది కిలోవాట్లు చాలు. 24 అనేది స్నానం కోసం కొనే బలం. అందుకని, బాయిలరు ఎంత పెద్దదని మాత్రమే కాదు, ఎంత తక్కువకు దిగగలదని కూడా అడగాలి. దిగలేనిది గదులు వెచ్చబెట్టేటప్పుడు ఆగి వెలిగి ఆగి వెలిగి గ్యాసు తగలేస్తుంది. 2005 నుంచి ఇక్కడ కొత్తవన్నీ దాదాపుగా కండెన్సింగ్ బాయిలర్లే, అంటే పొగలోని ఆవిరిని నీళ్ళుగా మార్చి ఆ వేడినీ వాడుకుంటాయి. ఆ నీళ్ళు పోయే ప్లాస్టిక్ గొట్టాన్ని ఇంటి బయటినుంచి సన్నగా వేస్తే గట్టి చలికి గడ్డకడుతుంది, బాయిలరు ఆగిపోతుంది. దాన్ని లోపలే సింకు గొట్టంలో కలపమని ముందే చెప్పాలి. మా వీధిలోనే ఒకరింట్లో మంచు కురిసిన రాత్రి ఇలాగే ఆగిపోతే, పొద్దున్నే ఆవిడ కెటిల్‌తో గోరువెచ్చని నీళ్ళు తెచ్చి గొట్టం మీద పోస్తూ కనబడింది. పని చేసేవాళ్ళు గ్యాస్ సేఫ్‌లో నమోదైనవాళ్ళో కాదో కార్డు చూడండి, సిగ్గుపడకండి. కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టించుకోండి.

కాంబికి వ్యతిరేకంగా నా కాగితం మీద మూడు విషయాలు మిగిలాయి. ఒకటి, ట్యాంకులో కరెంటు రాడ్డు ఉండేది. బాయిలరు పాడైనా స్నానానికి నీళ్ళు దొరికేవి. కాంబి ఆగితే వేడీ ఉండదు, వేణ్ణీళ్ళూ ఉండవు. డెబ్భై దాటిన అత్తయ్యగారున్న ఇంట్లో ఇది కొట్టిపారేసే మాట కాదు. రెండు, వెచ్చని అలమరా పోతుంది. మూడోది అందరికన్నా ముందుచూపుతో ఆలోచించాల్సింది. గ్యాసు రోజులూ శాశ్వతం కావు. ఇక్కడి ప్రభుత్వం గాలిలోంచి వేడి లాగే హీట్ పంపు పెట్టుకుంటే ఇంగ్లండు, వేల్స్‌లలో 7,500 పౌన్లు గ్రాంటిస్తోంది. ఆ హీట్ పంపు ఒక్కసారిగా అంత వేడి ఇవ్వలేదు, మెల్లగా కాచి నిలవ పెట్టుకుంటుంది, అంటే దానికి మళ్ళీ ట్యాంకు కావాలి. కాంబి కోసం అలమరాలు పగలగొట్టి గదిలో కలిపేసుకున్న లక్షల ఇళ్ళలో ఇప్పుడు ఆ ట్యాంకుకు చోటు లేదు.

మరి మా ఇంట్లో హీట్ పంపే పెట్టించొచ్చుగా అంటారేమో. అడిగాం. వెనక పెరడు ఎంతుందంటే, బట్టల దండెం కట్టాక మనిషి పక్కకు తిరిగి నడవాలి. ఒంటి ఇటుక గోడలకు లోపలినుంచి అట్టలు వేయించాలి, రేడియేటర్లు పెద్దవి కావాలి. ఈ ఏడు మావల్ల కాదు.

ఇటువైపు, కాంబికి అనుకూలంగా, మా అమ్మాయి ఉంది. రెండేళ్ళుగా మంచం మీద, ఒడిలో పుస్తకాలు పెట్టుకుని చదువుతోంది. వచ్చే వేసవిలో జీసీఎస్ఈ పరీక్షలు. ఆ గదిలో బల్ల పట్టే చోటు ఆ అలమరా ఒక్కటే. అత్తయ్యగారు తెల్లవారుజామున ఐదింటికి స్నానం చేసి దీపం పెట్టుకుంటారు. టైమరు ఆరింటికి పెట్టిన ట్యాంకులో నిన్నటి గోరువెచ్చనివే మిగిలేవి. కాంబి ఏ వేళకైనా పలుకుతుంది. "నా కోసం ఇంతింత ఖర్చెందుకమ్మా, ఇంత నీళ్ళు స్టవ్వు మీద పెట్టుకుంటాను" అన్నారావిడ. ఆ మోకాళ్ళతో గిన్నె మోసుకుని వంటింట్లోంచి బాత్‌రూంకి గుమ్మం దాటడం నాకు కళ్ళముందు మెదిలింది, ఎలిజబెత్ ఆండ్రూస్ చెప్పిన బరువూ మెదిలింది.

కాంబియే పెట్టించాం, 24 కిలోవాట్లది, వంటింట్లో గిన్నెల అలమరా పక్కన. రాగి ట్యాంకును ఇద్దరు మనుషులు మెట్లమీంచి దించారు. వాళ్ళకు రెండు మాటలు గట్టిగా చెప్పాను. అలమరా గోడ కొట్టొద్దు. ట్యాంకుకొచ్చే గొట్టాలు మొదలంటా కోసెయ్యకుండా, చివర్లకు మూతలు బిగించి నేలకు అడుగు ఎత్తున వదిలెయ్యండి. "ఎందుకు?" అన్నాడు కుర్రాడు. రేపు ఎవరికైనా ట్యాంకు కావాల్సొస్తుంది అన్నాను. కాంబి అమ్మేవాళ్ళకు ఆ మాట రుచించదు గానీ, చేశాడు.

అలమరా తలుపులు తీసేసి, పలక ఒకటి అడ్డంగా వేసి, దీపం బిగించారు మా వారు. మూతలు బిగించిన ఆ రెండు రాగి గొట్టాలు బల్ల కింద అలాగే ఉన్నాయి, మా అమ్మాయి చదువుకుంటూ వాటి మీద కాళ్ళు పెట్టుకుంటుంది. ఇడ్లీపిండి ఇప్పుడు ఓవెన్‌లో, వేడి లేకుండా లోపలి బల్బు మాత్రం వేసి పెడుతున్నాను. పన్నెండు గంటలు పడుతోంది. రాత్రి పడుకునే ముందు ఎవరూ ఓవెన్ వెలిగించకుండా తలుపు మీద కాగితం అంటిస్తున్నాను.